గాలికి తగిన పెట్రోలు: కార్బురేటరు చరిత్ర

పెట్రోలు మండుతుందని అందరికీ తెలుసును. కాని మండేది ద్రవముగా ఉన్న పెట్రోలు కాదు. గాలితో కలిసిన దాని ఆవిరి. ఆ కలయిక కూడా ఒక హద్దులో ఉండవలెను. గాలి మరీ ఎక్కువైతే నిప్పురవ్వ పడినా మిశ్రమము అంటుకోదు. పెట్రోలు మరీ ఎక్కువైనా అంతే. రసాయన శాస్త్రము ప్రకారము లెక్క కడితే, ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావలెను. బరువులో ఈ లెక్క చిన్నదిగానే కనిపిస్తుంది. ఘనపరిమాణములోనికి మార్చి చూడండి. ఒక లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. దానిని మండించడానికి దాదాపు 11 కిలోగ్రాముల గాలి, అనగా సుమారు 9,000 లీటర్ల గాలి అవసరము. ఒక సీసాలో పట్టే పెట్రోలుకు ఒక చిన్న గదిలో పట్టేటంత గాలి తోడు కావలెనన్నమాట!

ఈ కొలతను ఎంత త్వరగా కొలవవలెనో కూడా చూద్దాము. ఆరు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 5,000 చుట్లు తిరుగుతూ ఉంటే, అది నిమిషములో 15,000 సార్లు గాలిని లోనికి పీలుస్తుంది. ప్రతి పీల్పులోను పెట్రోలు తగిన పాళ్ళలో ఉండవలెను. ఈనాటి కార్లలో ఈ పనిని చిన్న కంప్యూటరు చేస్తున్నది. అంతకు ముందు దాదాపు నూరేండ్లపాటు ఈ పనిని చేసినది కార్బురేటరు అనే ఒక లోహపు పాత్ర. దానికి లెక్కలు రావు. ప్రకృతి సూత్రములే దానికి లెక్కలు.

అయితే ఆ పాత్రకు ఒక లోపము ఉన్నది. తాను కలిపిన మిశ్రమము లోపల ఎట్లా మండినదో తెలుసుకొనే దారి దానికి లేదు. వంటవాడు ఉప్పు వేస్తాడు. రుచి చూచేది మరొకరు. ఇంజనుకు ఆ రుచి చూచే పనిని మనిషి తన కంటితో, చెవితో, ముక్కుతో చేశాడు. ఆ పనికే ట్యూనింగు అని పేరు. కార్బురేటరు చరిత్రను ఈ దృష్టితో చూస్తే, అది ఎందుకు అంతకాలము నిలిచినదో, ఎందుకు తొలగిపోయినదో రెండూ బోధపడతాయి.

ఆవిరిని పట్టిన తొలి రోజులు

1886 జనవరి 29న కార్ల్ బెంజ్ జర్మనీలో తన మూడు చక్రముల మోటారు బండికి పేటెంటు కోరాడు. ఆ బండిలో పెట్రోలును తుంపరగా చేసే సాధనము లేదు. ఒక పాత్రలో తేలిక నూనెను నింపి, దాని ఉపరితలము మీదుగా గాలిని పోనిచ్చేవారు. గాలి తనతో ఆవిరిని తీసుకొని ఇంజనులోనికి పోయేది. తడిబట్ట మీదుగా పోయే గాలి తేమను తీసుకొన్నట్లే ఇదీను.

1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా తన ఇద్దరు కుమారులతో ఆ బండిలో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణము చేసింది. ఆనాడు పెట్రోలు బంకులు లేవు. దారిలో వీస్లోఖ్ అనే ఊరిలో ఒక మందుల దుకాణములో లిగ్రోయిన్ అనే నూనెను కొన్నది. నూనె వచ్చే గొట్టము పూడుకొనిపోతే తన టోపీ పిన్నుతో శుభ్రము చేసింది.

ఆవిరిని పట్టే ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉన్నది. పెట్రోలు ఒకే పదార్థము కాదు. అనేక హైడ్రోకార్బనుల మిశ్రమము. తేలికైనవి ముందుగా ఆవిరై పోతాయి, బరువైనవి అడుగున మిగిలిపోతాయి. కాబట్టి బయలుదేరినప్పుడు ఇంజనుకు అందే ఆవిరి వేరు, గంట గడిచిన తరువాత అందే ఆవిరి వేరు. చలిలో ఆవిరి తగ్గుతుంది, ఎండలో పెరుగుతుంది. బండి కుదుపుకు కూడా పాళ్ళు మారిపోతాయి. ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు దీపపు వత్తులవంటి నూలు వత్తులను పెట్రోలులో ముంచి, వాటి మీదుగా గాలిని పంపే ఏర్పాటు చేశాడు. కుదుపు బాధ తగ్గినది కాని ఆవిరి మీద ఆధారపడడము తప్పలేదు.

వెంచురీ గొంతు

పరిష్కారము పాత భౌతికశాస్త్ర గ్రంథములలోనే ఉన్నది. ప్రవాహము వేగము పెరిగినచోట దాని పీడనము తగ్గుతుందని డేనియల్ బెర్నూలీ 1738లో తన జలగతిశాస్త్ర గ్రంథములో వివరించాడు. ఇటలీ దేశస్థుడైన వెంచురీ 1797లో, గొట్టము నడుమ ఇరుకైనచోట ద్రవప్రవాహము ఎట్లా ఉంటుందో ప్రయోగములు చేసి ప్రకటించాడు. ఆ ఇరుకు గొట్టమునకు ఈనాటికీ ఆయన పేరే నిలిచి ఉన్నది.

ఈ విషయమును తరగతిలో సులభముగా చూపవచ్చును. కూల్‌డ్రింకు త్రాగే గొట్టము ముక్కనొకదానిని గ్లాసెడు నీటిలో నిలువుగా ఉంచండి. దాని పై కొన నీటి మట్టమునకు కొంచెము ఎత్తులో ఉండవలెను. రెండవ ముక్కతో ఆ కొన మీదుగా అడ్డముగా గట్టిగా ఊదండి. నీరు గొట్టములో పైకి లేచి, తుంపరగా చిమ్ముతుంది. ఇక్కడ నీటి స్థానములో పెట్రోలును ఊహించుకొంటే కార్బురేటరు సిద్ధమైనట్లే.

1893లో ఈ పద్ధతిలో పెట్రోలును తుంపరగా చిమ్మే కార్బురేటరును జర్మనీలో విల్‌హెల్మ్ మాయ్‌బాఖ్ రూపొందించాడు. అదే సంవత్సరములో హంగరీలో బాంకి, చోంకా అనే ఇద్దరు అటువంటి సాధనమునకే పేటెంటు తీసుకొన్నారు. దీనిలో రెండు ముఖ్య భాగములు ఉన్నాయి. ఒకటి, పెట్రోలు మట్టమును ఎల్లప్పుడు ఒకే ఎత్తులో ఉంచే చిన్న తొట్టి. మన ఇండ్లమీది నీళ్ళ ట్యాంకులో బంతి తేలి, నీరు నిండగానే కుళాయిని మూసినట్లే, ఈ తొట్టిలో ఫ్లోటు తేలి పెట్రోలు దారిని మూస్తుంది. రెండవది, గాలి పోయే గొంతులో ఉన్న సన్నని రంధ్రము. దీనిని జెట్టు అంటారు. ఇంజను గాలిని పీల్చినప్పుడు గొంతులో పీడనము తగ్గి, జెట్టునుండి పెట్రోలు చిమ్ముతుంది. గాలి ఎక్కువైతే పీడనము ఇంకా తగ్గి, పెట్రోలు కూడా ఎక్కువ వస్తుంది. యంత్రము తనంతట తానే పాళ్ళను కొలుచుకొంటున్నదన్నమాట.

కొలుచుకొంటున్నది కాని సరిగా కాదు. గాలి వేగము బాగా పెరిగినప్పుడు పీడనము తగ్గి గాలి పలచబడుతుంది, పెట్రోలు పలచబడదు. అందువల్ల అధిక వేగములో పెట్రోలు పాలు అవసరమునకు మించిపోతుంది. వేగము బొత్తిగా తక్కువైనప్పుడు పీడన భేదము చాలక పెట్రోలు సరిగా చిమ్మదు. ఫ్రాన్సులో బావెరే అనే ఇంజనీరు 1906 ప్రాంతములో దీనికి తోడు జెట్టును చేర్చి ఒక పరిష్కారము చూపాడు. జెనిత్ కార్బురేటర్లు ఆ మార్గములో నడిచాయి. తరువాతి కార్బురేటర్లలో స్లో స్పీడుకు ఒక జెట్టు, పరుగుకు ఒక జెట్టు, ఒక్కసారిగా వేగము పెంచేటప్పుడు పెట్రోలును చిమ్మే చిన్న పంపు, చలిలో స్టార్టు చేయడానికి చోకు, ఇట్లా ఒక్కొక్కటే చేరుతూ వచ్చాయి.

స్కిన్నర్ సోదరుల తోలుతిత్తి

ఇంగ్లండులో ఒకరు ఇదే ప్రశ్నను తలక్రిందులు చేసి అడిగారు. గొంతు వెడల్పు స్థిరముగా ఉండి గాలి వేగము మారుతున్నందువల్లనే కదా ఈ చిక్కులన్నీ! గాలి వేగమునే స్థిరముగా ఉంచి, గొంతు వెడల్పును మారనిస్తే ఏమవుతుంది?

ఆ ఆలోచన జార్జి హెర్బర్ట్ స్కిన్నర్‌ది. ఆయన కుటుంబము పాదరక్షల వ్యాపారములో పేరుపొందినది. 1905లో ఆయన పేటెంటు కోరిన కార్బురేటరులో కమ్మరి కొలిమి తిత్తివంటి చిన్న తోలుతిత్తి ఉన్నది. ఆ కుటుంబమునకు తోలు కొత్త వస్తువు కాదు! సోదరుడు కార్ల్‌తో కలిసి స్థాపించిన స్కిన్నర్స్ యూనియన్ సంస్థ పేరు కుదించి ఎస్.యు. అన్నారు. ఎస్.యు. కంపెనీ 1910లో ఏర్పడినది. 1926లో దానిని మోరిస్ కార్ల అధిపతి విలియం మోరిస్ కొన్నాడు. తరువాతి కాలములో తోలుతిత్తి పోయి, దాని స్థానములో లోహపు పిస్టను వచ్చింది.

ఈ పిస్టను గొంతుకు అడ్డముగా పైనుండి దిగి ఉంటుంది. ఇంజను ఎక్కువ గాలిని పీలిస్తే పిస్టను పైభాగములో పీడనము తగ్గి, పిస్టను పైకి లేస్తుంది, గొంతు తెరుచుకొంటుంది. గాలి తగ్గితే తన బరువుతో దిగి గొంతును ఇరుకు చేస్తుంది. గాలి ఎంత పోయినా జెట్టు వద్ద దాని వేగము దాదాపు ఒకే విధముగా ఉంటుంది. పిస్టను అడుగున వ్రేలాడే సూది జెట్టులోనికి దిగి ఉంటుంది. ఆ సూది క్రిందికి పోయినకొద్దీ సన్నబడుతుంది. పిస్టను లేచినకొద్దీ సూదిలోని సన్నని భాగము జెట్టులోనికి వచ్చి, పెట్రోలుకు దారి పెరుగుతుంది. ఏ ఎత్తులో ఎంత పెట్రోలు రావలెనో ఆ సూది రూపమే చెబుతుంది. ఒక్కొక్క ఇంజనుకు తగిన సూదిని ప్రయోగములు చేసి నిర్ణయించేవారు. సూది పొడవునా అంగుళములో ఎనిమిదవ వంతుకు ఒకచోట వ్యాసమును కొలిచి, పట్టికలు తయారు చేశారు. ఒక గణిత ఫలితమును ఇత్తడి సూదిపై చెక్కినట్లు ఉంటుంది.

ఆకాశములో ఒక చిక్కు

కార్బురేటరు బలహీనత ప్రాణముల మీదికి వచ్చిన సందర్భము కూడా చరిత్రలో ఉన్నది. 1940లో బ్రిటన్ గగనతల యుద్ధములో స్పిట్‌ఫైర్, హరికేన్ విమానములకు మెర్లిన్ ఇంజన్లు ఉండేవి. వాటిలో కార్బురేటర్లు ఉన్నాయి. పైలటు విమానము ముక్కును ఒక్కసారిగా క్రిందికి వంచితే ఇంజను తడబడేది. కారణము చిన్నదే. తొట్టిలోని పెట్రోలు పైకి ఎగిరేది. జెట్టుకు అందేది కాదు. వెంటనే ఫ్లోటు తన స్థానము తప్పి, పెట్రోలు వరదవలె వచ్చి ఇంజనును ముంచివేసేది. శత్రువుల మెస్సర్‌ష్మిట్ విమానములలో పెట్రోలును నేరుగా సిలిండరులోనికి పంపే పంపులున్నందున వాటికి ఈ బాధ లేదు.

ఫార్న్‌బరోలోని రాజకీయ విమాన పరిశోధన సంస్థలో పనిచేసే బియాట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు దీనికి ఉపాయము కనిపెట్టింది. పెట్రోలు గొట్టములో నడుమ రంధ్రమున్న ఒక చిన్న లోహపు బిళ్ళను అమర్చింది. ఇంజను పూర్తి శక్తితో నడిచేటప్పుడు కావలసినంత పెట్రోలు మాత్రమే ఆ రంధ్రములోనుండి పోగలదు. అందువల్ల వరద ఆగినది. 1941 మొదటి నెలలలో ఈ బిళ్ళలను విమానములకు అమర్చారు. తడబాటు పూర్తిగా పోలేదు కాని ఇంజను ఆగిపోయే అపాయము తగ్గినది.

చెవితో ట్యూనింగు

యుద్ధము తరువాత, 1948లో లండనులో జాగ్వార్ కంపెనీ ఎక్స్.కె. 120 అనే కారును ప్రదర్శించింది. దాని ఇంజను 3,442 ఘన సెంటీమీటర్లది. శక్తి 160 అశ్వబలము. కార్బురేటర్లు రెండు, రెండూ ఎస్.యు. రకము. 1949 మే నెలలో బెల్జియంలోని జబ్బెకె వద్ద ఇది గంటకు 132 మైళ్ళకు మించిన వేగమును అందుకొన్నది. 1961లో వచ్చిన ఇ-టైపు కారుకు మూడు ఎస్.యు. కార్బురేటర్లు ఉన్నాయి. ఇటలీలో ఫెరారి కార్లకు బొలోన్యాకు చెందిన ఎడ్వార్డో వెబర్ కంపెనీ కార్బురేటర్లు అమర్చేవారు. 1962 నాటి 250 జి.టి.ఓ. కారుకు అటువంటివి ఆరు!

ఇటువంటి పాత వేగపు కారును ఈనాటికీ ప్రేమతో నడిపేవారు ఉన్నారు. వారు కార్బురేటర్లను సరిచేసే విధానములో ఒక క్రమము ఉన్నది. ఆ క్రమములో తర్కము ఉన్నది. మొదటి నియమము, కార్బురేటరును చివర ముట్టుకోవలెను. వాల్వుల సందులు, స్పార్కు వేళ, ప్లగ్గులు, గాలి లీకులు ఇవన్నీ ముందుగా సరిచూడవలెను. స్పార్కు వేళ తప్పిన ఇంజనును జెట్టు త్రిప్పి బాగుచేయబోతే, ఒక తప్పును మరొక తప్పుతో కప్పినట్లవుతుంది. ఇంజను బాగా వేడెక్కిన తరువాతనే పని మొదలుపెట్టవలెను.

రెండవది, కార్బురేటర్లన్నీ సమానముగా గాలి పీల్చవలెను. దీనికి ఒక సన్నని రబ్బరు గొట్టము చాలును. ఒక కొనను చెవి దగ్గర, మరొక కొనను ఒక్కొక్క కార్బురేటరు నోటి దగ్గర ఉంచి, బుసబుస శబ్దమును పోల్చి చూస్తారు. శబ్దము ఒక్కటయ్యేవరకు మరలను సవరిస్తారు. వైద్యుడు రొమ్ముమీద గొట్టము పెట్టి విన్నట్లే ఉంటుంది ఈ పని.

మూడవది, పాళ్ళు. పిస్టనును ఒక మిల్లీమీటరుకంటె తక్కువ ఎత్తుకు మెల్లగా లేపుతారు. గొంతు కొంచెము తెరుచుకొని, గాలి వేగము తగ్గి, మిశ్రమములో పెట్రోలు పాలు తగ్గుతుంది. అప్పుడు ఇంజను ధ్వనిని వినవలెను. వేగము పెరిగి అట్లే నిలిస్తే, అంతకు ముందు పెట్రోలు ఎక్కువగా ఉన్నదని అర్థము. వెంటనే తడబడి ఆగబోతే, పెట్రోలు ముందే తక్కువగా ఉన్నదన్నమాట. వేగము ఒక్క క్షణము కొద్దిగా పెరిగి మళ్ళీ కుదుటపడితే సరిగా ఉన్నట్లు. దానిని బట్టి జెట్టును క్రిందికో పైకో జరుపుతారు. క్రిందికి జరిపితే పెట్రోలు పెరుగుతుంది. ఇది మంచి ప్రయోగ పద్ధతి. తెలియని దానిని తెలిసిన దిశలో కొంచెము కదిపి, ఫలితమును చూచి, మొదటి స్థితిని ఊహించడము!

చివరకు కొంత దూరము నడిపి, ప్లగ్గులను విప్పి రంగు చూస్తారు. నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నమువలె తెల్లబడితే తక్కువ. లేత గోధుమరంగు ఉంటే మంచిది. ఈనాటి సీసములేని పెట్రోలుతో ఆ రంగు పూర్వమంత స్పష్టముగా కనిపించదు.

చెవికి వినిపించనిది

ఇంతటి నైపుణ్యము ఉండగా కార్బురేటరు ఎందుకు తొలగిపోయింది? దీనికి సమాధానము ఇంజను గదిలో లేదు, దాని పొగగొట్టము చివర ఉన్నది.

ఇంజను అత్యధిక శక్తిని ఇచ్చేది 14.7 వద్ద కాదు. పెట్రోలు కొంచెము ఎక్కువగా ఉండి, గాలి 12.5 నుండి 13 పాళ్ళు ఉన్నప్పుడు. చెవికి ఇంపుగా ధ్వనించేది, కాలికి హుషారుగా తోచేది ఆ మిశ్రమమే. కాని దానిలో గాలి చాలదు. పెట్రోలులో కొంత భాగము సగము కాలి కార్బన్ మోనాక్సైడుగా, కొంత అసలు కాలక హైడ్రోకార్బనులుగా బయటికి పోతుంది. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. ట్యూను చేసే మనిషి చెవికి అది వినిపించదు.

1950ల మొదట లాస్ ఏంజెలిస్ నగరమును కప్పిన పొగమంచుకు కారణమును హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. కాలని హైడ్రోకార్బనులు, నైట్రోజన్ ఆక్సైడులు సూర్యకాంతిలో కలిసి ఓజోను తదితర హానికర పదార్థములుగా మారుతున్నాయని ఆయన చూపాడు. 1970లో అమెరికా కఠినమైన గాలి శుద్ధి చట్టమును చేసింది. 1975 నుండి అక్కడి కార్లకు, విషవాయువులను మార్చివేసే ఉత్ప్రేరక పాత్రలు వచ్చాయి. మూడు రకముల విషవాయువులను ఒకేసారి తొలగించే పాత్ర పనిచేయవలెనంటే, గాలి పాళ్ళు 14.7కు అతి దగ్గరగా, ఎల్లవేళల ఉండవలెను. సూదికీ జెట్టుకూ అంత నిలకడ సాధ్యము కాదు. కొండ ఎక్కితే గాలి పలచబడుతుంది, ఎండకు పెట్రోలు వేడెక్కుతుంది, కాలక్రమేణ జెట్టు అరుగుతుంది.

1976లో బాష్ కంపెనీ తయారుచేసిన ఆక్సిజను గుర్తించే సాధనమును వోల్వో కార్లలో అమర్చారు. పొగలో ఆక్సిజను ఎంత మిగిలినదో అది విద్యుత్తు రూపములో తెలుపుతుంది. దానిని బట్టి పెట్రోలును వెంటవెంటనే సవరిస్తారు. యంత్రము తన వంటను తానే రుచి చూచుకోవడము నేర్చింది! మన దేశములో కూడా 2000 నుండి కొత్త కాలుష్య నిబంధనలు రావడముతో కార్లనుండి, 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6 నిబంధనలు రావడముతో ద్విచక్ర వాహనములనుండి కార్బురేటరు చాలవరకు తొలగిపోయింది.

పాత బండికి కొత్త పెట్రోలు

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై 1957 నుండి 2014 వరకు మన దేశములో తయారైన అంబాసిడర్ కార్లలో ఎస్.యు. కార్బురేటరు ఉన్నవి కూడా ఉన్నాయి. అటువంటి పాత బండ్లకు ఈనాడు ఒక కొత్త పరీక్ష ఎదురైంది. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుస్తున్నది. ఇథనాలులో ఆక్సిజను ముందే ఉన్నందున, ఒక గ్రాము మండడానికి 9 గ్రాముల గాలి చాలును. లెక్క కడితే 20 శాతపు మిశ్రమమునకు గాలి సుమారు 13.5 పాళ్ళు సరిపోతుంది. కాని పాత కార్బురేటరు సూది 14.7 కాలపు పెట్రోలుకు చెక్కినది. అది పూర్వపు లెక్కనే కొలుస్తుంది. ఇంజనుకు గాలి ఎక్కువ, ఇంధనము తక్కువ అవుతుంది. కొత్త కారు ఆ తేడాను తానే గుర్తించి సరిచేసుకొంటుంది. పాత కారుకు ఎవరైనా జెట్టును కొంచెము దించవలెను, లేదా సూదిని మార్చవలెను. పాత రబ్బరు భాగములు ఇథనాలుకు చెడకుండ చూచుకోవలెను.

మీ ఊరిలో పాత స్కూటరునో, కారునో బాగుచేసే మెకానిక్కు ఉంటే, ఆయన కార్బురేటరును సవరించేటప్పుడు విద్యార్థులను తీసుకొనిపోయి చూపండి. ఆయన మరను ఎంత త్రిప్పుతున్నాడు, త్రిప్పగానే ధ్వని ఎట్లా మారినది, ఏది విని చేతిని ఆపాడు, ఈ మూడింటిని వ్రాసుకొని రమ్మనండి. బెర్నూలీ సూత్రమును ఆ మరునాడు బోధిస్తే, వినే చెవులు వేరుగా ఉంటాయి.